నా పూజారిణికి శక్తులు పోయాయి, తిరిగి తెచ్చుకునే దారి ఉందా అక్కా?

ఈ వారం వచ్చిన ఉత్తరం నాలుగు పేజీలుంది. ఎవరో గుర్తుపట్టే వివరాలు తీసేసి, సంగతి చెడకుండా కుదించి ఇక్కడ పెడుతున్నాను.

రాసిన అమ్మాయికి 24 ఏళ్లు. పలమనేరు వైపు పల్లె నుంచి ఉద్యోగానికి తిరుపతి వచ్చి హాస్టల్లో ఉంటోంది. కొత్తలో ఇక్కడ ఎవరూ తెలియక ఆదివారాలు గదిలోనే పడుకుని గడిపేదట. ఆఫీసులో అందరూ అన్న అని పిలిచే ఒక సీనియర్, బైరాగిపట్టెడలో తన ఇంటి మేడమీద గదిలో ఆదివారం మధ్యాహ్నాలు డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆడిస్తున్నాడని తెలిసి వెళ్లింది. ఈ ఆట తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క: ఒకరు కథ నడిపిస్తారు, ఆయన్ని డీఎం అంటారు. మిగతావాళ్లు ఒక్కో పాత్ర తీసుకుని ఆ కథలో బతుకుతారు, అవుతుందో కాదో తెలియని పని చేస్తే అది జరిగిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక వేసి చూస్తారు. మన అమ్మాయి తీసుకున్న పాత్ర నీలవేణి, ఒక ఏటి దేవత పూజారిణి. ఆటలో ఈ రకం పాత్రని క్లెరిక్ అంటారు, మంత్రశక్తి అంతా దేవత ఇచ్చేదే. దప్పికతో వచ్చినవాళ్లకి నీళ్లు కాదనను, నీటిని పాడు చేయను అని నీలవేణి మాట ఇచ్చింది. ఈ రెండు మాటలూ ఆ అమ్మాయే స్వయంగా ఆలోచించి రాసుకుంది.

నాలుగు నెలల కిందట ఒక కోటలో వీళ్ల జట్టు చిక్కుకుంది. తెల్లారేసరికి శత్రు సైనికులు వస్తారు, వచ్చి ముందు బావి దగ్గరే ఆగుతారు. దొంగ పాత్ర ఆడే అబ్బాయి బావిలో విషం కలుపుదామన్నాడు, మాంత్రికురాలి పాత్ర ఆడే అమ్మాయి తన సంచిలోంచి విషం తీసి ఇచ్చింది. బావి కాపలావాడు పూజారిణిని తప్ప ఎవరినీ దగ్గరికి రానివ్వడు కాబట్టి పోయాల్సింది నీలవేణే. ఆమె తటపటాయిస్తే బల్ల చుట్టూ అందరూ "పొయ్యి మే, లేకపోతే అందరం పోతాం" అన్నారు. పోసింది. పద్దెనిమిది మంది సైనికులతో పాటు వాళ్ల గుర్రాలు మేపే ఒక కుర్రాడు కూడా ఆ నీళ్లు తాగి చచ్చిపోయాడు. ఏటి దేవత మొహం తిప్పేసుకుందని అన్న ప్రకటించాడు. అయిదో లెవెల్ దాకా సంపాదించుకున్న మంత్రాలన్నీ ఆ ఒక్క మాటతో పోయాయి.

అప్పటి నుంచి అన్న చెప్తున్నది ఒకటే, "నటించి సంపాదించుకో." ఆమె మూడుసార్లు ప్రయత్నించింది. గుడికి వెళ్లి ప్రార్థించింది, ఉపవాసం ఉంది, ఏటి ఒడ్డున కూర్చుని ఏడ్చింది. మూడుసార్లూ వచ్చిన జవాబు "ఇంకా మనసులోంచి రావట్లేదు" అని. తనకి డైలాగులు రావని, నలుగురిలో గొంతు పైకి లేవదని, ఏదైనా ఆలోచించి నోరు తెరిచేలోపు అవతలివాళ్లు మాట్లాడేస్తారని రాసింది. యుద్ధం వస్తే చేతిలో గద తప్ప ఏమీ లేదు. గాయాలు మాన్పేవాళ్లు లేక జట్టు మొత్తం విసుక్కుంటోంది. పోయిన ఆదివారం స్కూటీ మీద తిరిగి వస్తూ లీలామహల్ సర్కిల్ దగ్గర పక్కకి ఆపి ఏడ్చిందట. రూమ్మేట్ "ఆటకి కూడా ఏడుస్తారా" అందట. మంత్రాలు రాసుకున్న కాగితం మడిచి హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టేసింది, బల్ల మీద పెట్టడం లేదు. "ఏం మాట్లాడితే శక్తులు తిరిగి వస్తాయి? లేక నేను మానేయాలా? మానేస్తే అన్న బాధపడతాడు, నాకు ఈ ఊళ్లో మనుషులంటే వాళ్లే" అని అడుగుతోంది.

చెల్లీ,

ముందు రూమ్మేట్ అన్న మాట పక్కన పెడదాం. పలమనేరు వైపు పుట్టినదానివి, భారతం ఉత్సవాలు నువ్వు చూడకుండా ఉండవు. అర్జునుడి వేషం కట్టిన మనిషి పాశుపతాస్త్రం కోసం తపస్సు మాను ఎక్కుతుంటే, పిల్లలు కావాలని మొక్కుకున్న ఆడవాళ్లు తడిబట్టలతో కింద నేలమీద సాగిలపడి ఉంటారు, పైనుంచి విసిరే నిమ్మకాయ కోసం కొంగు పడతారు. ఆ ఎక్కేది మన ఊరివాడే, మామూలు రోజుల్లో టీకొట్టు దగ్గర కనిపించేవాడే అని వాళ్లందరికీ తెలుసు. అయినా ఆ పూట అతను అర్జునుడే. వేషం కట్టినప్పుడు కలిగే బాధ నిజమైన బాధే అని మన వైపు మనుషులకి ఎవరూ చెప్పనక్కర్లేదు. నువ్వు ఏడ్చినందుకు సిగ్గుపడొద్దు. ఇన్నాళ్లు ఒక మనిషిగా బతికి, ఆ మనిషి దగ్గర ఉన్నదంతా పోతే ఏడుపు రాకుండా ఎలా ఉంటుంది?

ఇక అసలు సంగతి. నీ ఉత్తరం రెండోసారి చదువుతుంటే నాకు అనిపించింది, ఇందులో రెండు బాధలు ఒకదానిలో ఒకటి చిక్కుపడిపోయి ఉన్నాయి. ఒకటి నీలవేణిది: మాట తప్పింది, ఒక పిల్లాడు చచ్చిపోయాడు, దేవత పలకడం లేదు. ఇది కథలో బాధ, మంచి బాధ కూడా, దీన్ని కథలోనే తీర్చుకోవచ్చు. రెండోది నీది: నాలుగు నెలలుగా ప్రతి ఆదివారం నలుగురి ముందు పరీక్షకి కూర్చోబెడుతున్నారు, ఏం రాస్తే పాసవుతావో చెప్పడం లేదు, తప్పిన ప్రతిసారీ "మనసులోంచి రాలేదు" అంటున్నారు. ఇది బల్ల దగ్గరి బాధ. దీన్ని నీలవేణి ఎంత ఏడ్చినా తీర్చలేదు, ఎందుకంటే ఇది నీకూ అన్నకీ మధ్యది. నువ్వు ఇన్నాళ్లూ రెండో బాధని మొదటిదాని మందుతో మాన్పాలని చూస్తున్నావు.

రూల్స్ సంగతి ఒకసారి చెప్పనీ, దాంతో నీకు కొంచెం ధైర్యం వస్తుంది. మీరు ఆడుతున్నది 2014 రూల్స్ అని రాశావు. అందులో క్లెరిక్ గురించి చెప్పిన పేజీల్లో శక్తులు పోవడం అనే రూలే లేదు. దానికి దగ్గరగా ఉన్నది పాలడిన్ అనే యోధుడి దగ్గర ఉంది: మాట తప్పితే తన మతానికే చెందిన పూజారి దగ్గరికో తన సాటి పాలడిన్ దగ్గరికో వెళ్తాడు, రాత్రంతా జాగరణ చేయొచ్చు, ఉపవాసం ఉండొచ్చు, తప్పు ఒప్పుకున్నాక క్షమాపణ దొరుకుతుంది, మళ్లీ మొదలుపెడతాడు. పశ్చాత్తాపమే లేకుండా కావాలని తప్పుచేసినవాడికే పెద్ద శిక్షలు, అవైనా డీఎం ఇష్టం. పాత రూల్స్ ఇంతకంటే కఠినం. 2003 నాటి రూల్స్‌లో తన దేవుడి నియమాన్ని ఘోరంగా మీరిన క్లెరిక్‌కి మంత్రాలన్నీ పోతాయి, ప్రాయశ్చిత్తం అయ్యేదాకా పైలెవెల్‌కి కూడా వెళ్లలేడు. అన్న బహుశా ఆ సంప్రదాయం మనసులో పెట్టుకుని ఉంటాడు, తప్పు లేదు. కానీ ఆ రూల్స్‌లోనే దారి కూడా రాసి పెట్టారు. ప్రాయశ్చిత్తం జరిపించే మంత్రం ఒకటుంది, ఇంకొక పూజారి గంటసేపు కూర్చుని చేస్తాడు. తప్పు తెలిసి చేసినదైతే, ఆ జరిపించే పూజారి తన అనుభవంలోంచి 500 పాయింట్లు పోగొట్టుకోవాలి. గమనించావా, తప్పు చేసినవాడు కాదు, వాడి కోసం కూర్చున్నవాడు. ఈ ఒక్క రూల్ నాకు చాలా ఇష్టం. పోయిన శక్తి ఒంటరిగా ఏడిస్తే రాదు, పక్కవాడు ఎవడో తనది కొంత వదులుకుంటే వస్తుంది. నీ విషయంలో ఆ పక్కవాళ్లు ఎవరో నీకు తెలుసు. విషం ఎవరి సంచిలోది? ఉపాయం ఎవరిది? "పొయ్యి మే" అన్నదెవరు? శిక్ష మాత్రం ఒక్క నీలవేణికే పడింది, మిగతా ముగ్గురూ ఇప్పుడు గాయాలు మానట్లేదని విసుక్కుంటున్నారు. ఇది వాళ్ల మీద కోపంతో అనడం లేదు. ఆ ముగ్గురినీ నీ ప్రాయశ్చిత్తంలోకి తెచ్చుకోవడమే నీకున్న పెద్ద అవకాశం, దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

"మనసులోంచి రావట్లేదు" అన్నమాట నన్ను బాగా ఇబ్బంది పెట్టింది. ఎందుకంటే ఏడేళ్ల కిందట నేనూ అదే మాట అన్నాను. నేను నడిపే ఆటలో ఒక తమ్ముడు యోధుడి పాత్ర ఆడేవాడు, ప్రమాణం తప్పాడని శక్తులు తీసేశాను, తిరిగి రావాలంటే నన్ను కదిలించాలి అనుకున్నాను. ఆ కుర్రాడు తక్కువ మాట్లాడే మనిషి. రెండు ఆదివారాలు వచ్చాడు, మూడో ఆదివారం నుంచి రాలేదు. నాకు తన మీద ఏదో కోపం ఉంది, అందుకే ఆటలో అలా చేశానని అతను అనుకున్నట్టు చాలా రోజుల తర్వాత వేరేవాళ్ల ద్వారా తెలిసింది. అతని మీద నాకు ఇసుమంత కోపం లేదు. అతని కథ గొప్పగా ఉండాలనే నా ఆశ. కానీ ఏం చేస్తే చాలో నేను చెప్పలేదు కాబట్టి, చెప్పని చోట అతను కోపాన్ని ఊహించుకున్నాడు. మీ అన్న కూడా నీ ప్రమాణాన్ని అంత సీరియస్‌గా తీసుకున్నాడంటే నీ పాత్ర మీద గౌరవం ఉండే అయ్యుంటుంది. అది నిజమైనా సరే, కొలత తన ఒక్కడి మనసులోనే పెట్టుకుని నిన్ను కొలవడం మాత్రం సరైనది కాదు.

డైలాగులు రావన్నావు కదా, అది లోపం కానే కాదు. 2014 పుస్తకంలోనే పాత్ర పోషణకి రెండు పద్ధతులు రాశారు. ఒకటి పాత్ర గొంతుతో మాట్లాడటం, రెండోది పాత్ర ఏం చేస్తోందో, ఏం అంటోందో బయటి నుంచి వర్ణించి చెప్పడం. "నీలవేణి కుండ దించి, ఆ ముసలావిడ కాళ్ల దగ్గర కూర్చుంది, తల ఎత్తలేదు" అని నువ్వు మామూలు గొంతుతో చెప్పినా అది పూర్తి పాత్ర పోషణే, కన్నీళ్లు పెట్టి పద్యం చదివినవాడి కంటే ఒక్క మెట్టు తక్కువ కాదు. ఈ మాట అన్నకి కూడా చెప్పు, ఆ పేజీ చూపించు. ఇంకో మాట, నువ్వు ఇంతవరకు చేసిన మూడు ప్రయత్నాలూ చూడు: ప్రార్థన, ఉపవాసం, ఏడుపు. మూడూ నీలవేణి ఒంటరిగా, దేవత వైపు తిరిగి, అడుక్కునేవి. ఇలాంటి సీన్లలో బల్ల దగ్గర మిగతావాళ్లకి చేయడానికి ఏమీ ఉండదు, డీఎంకి కూడా సరే అనడమో కాదనడమో తప్ప పని ఉండదు. నీ గొంతు చిన్నదవడం వల్ల కాదు, ఆ సీన్లకి ముందుకు పోయే దారి లేకపోవడం వల్ల ఆగిపోయాయి అనుకుంటాను.

మన కథల్లో శక్తి పోయినవాళ్లు చాలామందే ఉన్నారు, అందరిదీ ఒకే రకం కాదు. హనుమంతుడికి ఋషుల శాపం వల్ల తన బలం తనకి గుర్తుండదు, సముద్రం ఒడ్డున జాంబవంతుడు గుర్తుచేస్తే లేచి నిలబడతాడు, అక్కడ కావలసింది గుర్తుచేసే మనిషి. తిరుమల మీద జాపాలి ఆంజనేయస్వామి గుడికి వెళ్లినప్పుడల్లా నాకు జాంబవంతుడే ఎక్కువ గుర్తొస్తాడు. కర్ణుడికి పరశురాముడి శాపం, సరిగ్గా అవసరమైన వేళకి మంత్రం మరుపుకొస్తుంది, అది తిరిగి రాదు, అతని కథంతా ఆ రాకపోవడం మీదే నడుస్తుంది. కృష్ణుడు పోయాక అర్జునుడు గాండీవం ఎక్కుపెట్టడానికే నానా కష్టపడ్డాడు, అస్త్రాలు జ్ఞాపకం రాలేదు, తన వెంట వస్తున్న ఆడవాళ్లని దొంగల నుంచి కాపాడలేకపోయాడు. అది శిక్ష కాదు, కాలం అయిపోవడం. ఇప్పుడు నీలవేణిది వీటిలో ఏ రకమో నీకు తెలుసా? అన్నకైనా తెలుసా? ఆమె కర్ణుడి దారిలో ఉందని అన్న లోలోపల నిర్ణయించుకుని ఉంటే నువ్వు ఇంకో నాలుగు నెలలు ప్రార్థించినా వృథా. తిరిగి రావాల్సిన శక్తే అయితే అది ఏ తలుపులోంచి వస్తుందో మీ ఇద్దరికీ తెలిసి ఉండాలి. అందుకే నేను మొదట చెప్పేది, అన్నతో విడిగా మాట్లాడు, నీలవేణిగా కాదు, నీలాగా.

ఎక్కడ, ఎప్పుడు అన్నది చూసుకో. ఆదివారం అందరూ బల్ల చుట్టూ కూర్చున్నాక వద్దు, అప్పుడు ఆయనకి నలుగురిలో తన మాట నిలబెట్టుకోవాల్సి వస్తుంది. శనివారం సాయంత్రం ఆఫీసు అయ్యాక టీ తాగుతూనో, ఆదివారం గంట ముందే వెళ్లో మాట్లాడు. నిందలా కాకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పు. "అన్నా, నీలవేణి కథ నాకు చాలా ఇష్టం, తప్పుకి శిక్ష పడటం కూడా నాకు సమ్మతమే. కానీ ఏం చేస్తే సరిపోతుందో తెలియక ప్రతి వారం టెన్షన్ పడుతున్నా, పోయిన వారం ఏడ్చా కూడా. శక్తులు తిరిగి వచ్చే కథేనా ఇది? అయితే ఎన్ని సెషన్లలో, ఏ పనులతో వస్తాయో మనం ముందే అనుకుందామా?" ఇంత చాలు. ఇలా ముందే అనుకుంటే ఒక నష్టం ఉంది, దేవత ఎప్పుడు పలుకుతుందో అన్న ఆశ్చర్యం నీకు కొంత తగ్గుతుంది. అది మిగలాలంటే పనులు మాత్రం ఇద్దరూ ఖాయం చేసుకుని, ఏ క్షణంలో పలకాలి అన్నది అన్నకే వదిలేయొచ్చు. నాకైతే ఆ బేరం బాగుంటుంది.

అన్న ఒప్పుకుంటే ఏ పనులు? ఇక్కడ మన గంగమ్మని తలుచుకో. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో వేషాల వరస ఊరందరికీ తెలిసిందే. ఆడవాళ్లని చెరిచే పాలెగాడి కోసం అమ్మవారు రోజుకో వేషంలో ఊరంతా వెతుకుతుంది, దొర వేషంలో వచ్చినప్పుడు వాడు బయటపడి ఆమె చేతిలో చస్తాడు. తర్వాత వచ్చేది మాతంగి వేషం. అమ్మవారు ఆ వేషంలో పాలెగాడి భార్య దగ్గరికి వెళ్లి ఓదారుస్తుంది. వాడు చావాల్సినవాడే, చంపడం న్యాయమే, అయినా చంపిన చెయ్యి ఆ ఇంటి గడప దాకా వెళ్లింది. నీలవేణి ఇంతవరకు గుడికి వెళ్లింది, ఏటికి వెళ్లింది. గుర్రాలు మేపే పిల్లాడి ఇంటికి వెళ్లలేదు. నీ ఉత్తరం చదివేటప్పుడు నాకు గుచ్చుకున్న చోటు ఇదే. అతనికి ఒక పేరుండాలి, ఒక ఊరుండాలి, ఎదురుచూస్తున్న తల్లో అవ్వో ఉండాలి. "ఆ పిల్లాడిది ఏ ఊరు అన్నా, నీలవేణి కనుక్కోవాలనుకుంటోంది" అని అడుగు. ఈ ప్రశ్నతో అన్నకి కథ చెప్పే పని దొరుకుతుంది. దొంగకి దారి వెతికే పని దొరుకుతుంది, మాంత్రికురాలికి తన విషం ఎవరిని చంపిందో కళ్లారా చూడాల్సి వస్తుంది. నీ మీద ఒక్కదాని మీదే ఉన్న చూపులు నలుగురి మీదకీ మళ్లుతాయి, అప్పుడు నువ్వు ఎక్కువ మాట్లాడాల్సిన అవసరం కూడా ఉండదు.

తర్వాత ఆ బావి. ఆహారంలో, నీళ్లలో విషం తీసేసే మంత్రం ఒకటి క్లెరిక్‌కి మొదటి లెవెల్లోనే ఉంటుంది, నీ పాత కాగితంలో తప్పకుండా రాసుకుని ఉంటావు. ఆ మంత్రం ఉంటే నిమిషాల్లో అయ్యే పని, ఇప్పుడు అదే లేదు. కాబట్టి చేతులతో చేయాలి. నీళ్లు తోడి పారబోయాలి, పూడిక తీయాలి, మళ్లీ ఊట వచ్చేదాకా కాచుకోవాలి. మన చిత్తూరు పల్లెల్లో బావి పూడిక తీయడం అంటే ఎంత చాకిరీయో నీకు నేను చెప్పాలా? ఒకరు అడుగున దిగి తట్టకి ఎత్తితే పైన నలుగురు లాగాలి. ఒక్కరి వల్ల కాదు. నీలవేణి దిగుతుంది, తాడు ఎవరు పట్టుకుంటారో జట్టుని అడుగు, అడిగి ఊరుకో. ఆ నిశ్శబ్దాన్ని నువ్వు నింపొద్దు. "పొయ్యి మే" అన్నవాళ్లలో ఎవరో ఒకరు తాడు పట్టుకుంటారని నా నమ్మకం. పట్టుకోకపోతే అదీ కథే, నీలవేణి ఎలాంటివాళ్లతో తిరుగుతోందో ఆమెకి తెలిసొస్తుంది.

ఇంకొకటి, ఎండలకి మనవాళ్లు సెంటర్లో చలివేంద్రం పెడతారే, అలాంటిది. కోట దారిలో పందిరి వేసి, కుండలు పెట్టి, వచ్చినవాళ్లెవరైనా సరే, శత్రు సైనికుడైనా సరే, నీళ్లు పోయడం. దప్పికతో వచ్చినవాళ్లకి కాదనను అన్న మొదటి మాట నిలబడిందో లేదో అక్కడ తేలుతుంది, ముఖ్యంగా ఆ చచ్చినవాళ్ల అన్నదమ్ములెవరైనా కత్తితో వచ్చి నీళ్లడిగితే. ఈ సీన్ అన్నకి చెప్పి చూడు, కథ నడిపే ఏ మనిషీ దీన్ని వదులుకోడు.

శక్తులు కూడా ఒక్క దెబ్బకి అన్నీ రావాలని పట్టుబట్టొద్దు. పిల్లాడి ఇంటి గడప దాటాక చిన్న వెలుగు మంత్రం లాంటిది ఒకటి, బావి ఊట తేరుకున్నాక మొదటి లెవెల్ మంత్రాలు, అలా పోగేసుకుంటూ పోతే మూడు నాలుగు సెషన్లలో నువ్వు మునుపటి స్థితికి వస్తావు, ప్రతి వారం చేతికి ఏదో ఒకటి అందుతుంది. ఇంతకంటే సాగితే మాత్రం నువ్వు మళ్లీ విసిగిపోతావు.

అన్న ఒప్పుకోకపోతే ఏం చేయాలన్నది కూడా ఆలోచించి పెట్టుకో. నీలవేణి ఆ దేవతని వదిలేసి వేరే దారి పట్టొచ్చు. అడవిని నమ్ముకునే డ్రూయిడ్ కావచ్చు, ఎవరో చీకటి శక్తితో ఒప్పందం చేసుకుని వార్‌లాక్ కావచ్చు. కథగా ఇది చాలా బలమైనది, దిక్కులేనప్పుడు ఎవరు చెయ్యి చాచినా పట్టుకునే మనుషులుంటారు కదా. కానీ నువ్వు రాసినదాన్ని బట్టి నీకు ఆ ఏటి దేవత అంటే ప్రేమ. ఆ ప్రేమ ఉండగా వేరే చోటికి పోతే మంత్రాలు వస్తాయి గానీ నీకు వెలితి పోదు, ఆటలో ఏరు కనిపించినప్పుడల్లా గుచ్చుకుంటుంది. లేదా నీలవేణిని గౌరవంగా సాగనంపొచ్చు. ఆ పిల్లాడి ఊళ్లోనే చలివేంద్రం నడుపుకుంటూ ఉండిపోయిందని ఒక మంచి సీన్ ఆడి, నువ్వు కొత్త పాత్ర తెచ్చుకోవచ్చు. యుద్ధాల్లో చేతికి పని దొరుకుతుంది, జట్టు విసుగు పోతుంది. అయితే అన్న కొలిచే పద్ధతి మారకపోతే కొత్త పాత్రకీ ఒక రోజు ఇదే గతి పట్టొచ్చు, అందుకే మాట్లాడకుండా పాత్ర మాత్రం మార్చేయడం నాకు అంత నచ్చదు. శక్తుల్లేకుండానే ఉండిపోవడం కూడా ఒక దారే, కర్ణుడి దారి, కొందరికి అదే ఇష్టం. నీకు ఇష్టమైతేనే సుమా, ఇంకొకరు నీ నెత్తిన రుద్దితే కాదు.

మానేయడం గురించి. మాట్లాడావు, అన్న వినలేదు, ఆదివారం వస్తోందంటే శనివారం రాత్రి నుంచే కడుపులో తిప్పుతోంది అంటే మానేయి. ఆటకి పోకపోతే వాళ్లు నీ మనుషులు కాకుండా పోరు. ఆఫీసులో కనిపిస్తారు, కలిసి టీ తాగుతారు. కష్టం ఉంటుంది, కొన్నాళ్లు ఆదివారాలు మళ్లీ ఖాళీ అవుతాయి, తిరుపతిలో ఇంకో బల్ల దొరకడం అంత తేలిక కాదు. అలా జరిగితే నువ్వే ఇద్దరు హాస్టల్ అమ్మాయిల్ని పోగేసి ఆడించొచ్చు అనిపిస్తోంది నాకు. ఆ రెండు ప్రమాణాలు రాసుకున్న చెయ్యికి కథ నడపడం వచ్చు. కానీ ఇదంతా మాట్లాడి చూశాకే. మాట్లాడకుండా మాయమైతే అన్నకి ఎందుకు పోయావో తెలియదు, నా తమ్ముడి విషయంలో నాకు ఎన్నాళ్లో తెలియనట్టే.

ఈలోగా జట్టు విసుగుకి ఒక చిన్న మందు ఉంది. ఆటలో వైద్యుడి సంచి అని ఒకటి 5 బంగారు నాణేలకి దొరుకుతుంది, పదిసార్లు వాడొచ్చు, ప్రాణాపాయంలో పడ్డవాడిని పాచిక వేయకుండానే నిలబెడుతుంది. గాయాలు మాన్పే మందుసీసా 50 నాణేలు, తాగితే నాలుగు ముఖాల పాచికలు రెండు వేసి, వచ్చినదానికి రెండు కలిపినంత ప్రాణబలం తిరిగి వస్తుంది. ఈ డబ్బులు జట్టు మూట లోంచి పెట్టమను, నీ మూటలోంచి కాదు. విషం అందరిదీ అయినప్పుడు మందు కూడా అందరిదే. దేవత పలకకపోయినా గాయానికి కట్టు కట్టే పూజారిణిని చూస్తే అన్న మనసు కూడా కదులుతుంది.

మంత్రాల కాగితం హ్యాండ్‌బ్యాగ్‌లో మడిచి పెట్టావన్నావు. దాన్ని అలాగే ఉండనీ, ఈ ఆదివారానికి ఖాళీ కాగితం కొత్తది ఒకటి తీసుకెళ్లి బల్ల మీద అందరికీ కనబడేట్టు పెట్టు. మీద పెన్సిల్‌తో ఒక్కటే రాయి, ఆ గుర్రాలు మేపే పిల్లాడి పేరు. అన్నని అడిగితే చెప్తాడు. ఇంకా పేరు పెట్టి ఉండకపోతే, అప్పుడే పెడతాడు.